మీకు తెలుసా? పైనుంచి వింత, దగ్గరికెళ్తే పొలం గట్టు

ఉపగ్రహ చిత్రాల్లో కనబడే వింతల మీద ఫోన్లలో తిరిగే వీడియోలు చాలావరకు ఒకే మాటతో ముగుస్తాయి: ఇదేమిటో ఎవరికీ తెలియదు అని. నిజానికి ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. ఆ చేను దున్నిన రైతుకో, ఆ కాంక్రీటు పోయించిన ఇంజినీరుకో, ఆ రాతిని చేత్తో తడిమిన భూగర్భ శాస్త్రవేత్తకో తెలుసు. వాళ్ల దాకా వెళ్లి అడిగితే కథ చప్పబడిపోదు, ఇంకా రుచిగా తయారవుతుంది. అలాంటివి కొన్ని ఈసారి.

కెమెరాకూ కంటి పరీక్ష

2011 నవంబరులో గూగుల్ ఎర్త్ చూస్తున్నవాళ్లకు చైనాలోని గోబీ ఎడారిలో పెద్ద తెల్లగీతల వల ఒకటి కంటబడింది. రెండు కిలోమీటర్లకు దగ్గరగా పొడవు. గీతలు వంకరటింకరగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. ఇంకోచోట వలయం లోపల వలయంగా ఏవో దిమ్మెలు, సరిగ్గా నడిమధ్యన మూడు విమానాలు. వాషింగ్టన్ వీధుల నమూనా అన్నారు కొందరు, గ్రహాంతరవాసుల కోసం అన్నారు ఇంకొందరు. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో అంగారకుడి చిత్రాల మీద పనిచేసే జొనాథన్ హిల్ మాత్రం గీతల వల గురించి వేరే మాట చెప్పాడు. గూఢచారి ఉపగ్రహాలు తమ కెమెరాలను సరిచూసుకోవడానికి వాడే గుర్తులు ఇవై ఉంటాయని. అంగారకుడి కెమెరాలను సరిచూసే పని రోజూ చేసేవాడు కాబట్టి ఆయన కన్ను నేరుగా అక్కడికే పోయింది.

కంటి డాక్టరు గోడకు తగిలించే అక్షరాల పట్టీ లాంటిదే ఇది కూడా. కాకపోతే చూసే కన్ను కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అమెరికాలో ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం దగ్గర నేలమీద ఇలాంటి పట్టీలే ఉన్నాయి. నల్లటి తారు మీద మూడేసి తెల్లచారలు, పక్కనే అంతకన్నా సన్నవి, ఆ పక్కన మరీ సన్నవి. పైనుంచి తీసిన ఫొటోలో ఏ వరస దగ్గర మూడు చారలూ కలిసిపోయి ఒకే మచ్చగా కనబడతాయో, ఆ కెమెరా చూపు అక్కడితో సరి.

అరిజోనా రాష్ట్రంలో కాసా గ్రాండే చుట్టుపక్కల పొలాల్లో, ఎడారి తుప్పల్లో నాలుగు రెక్కల కాంక్రీటు సిలువలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ కొస నుంచి ఆ కొసకు 60 అడుగులు. ఒక్కోటి మైలు దూరాన, మైలు మైలుకూ ఒకటి చొప్పున గళ్లు గీసినట్టు వేశారు. 1960ల్లో అమెరికా సైన్యం వాళ్ల మ్యాపింగ్ విభాగం పోయించినవి ఇవి. పైనుంచి తీసిన ఫొటోలో రెండు సిలువల మధ్య దూరం సరిగ్గా మైలు రాకపోతే తప్పు కెమెరాదే, నేలది కాదు. వీటిని కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి. కరోనా కథ వేరే చెప్పుకోవాలి. 1960 నుంచి 1972 దాకా ఆ ఉపగ్రహాలు ఆకాశంలో ఫిల్ము మీద ఫొటోలు తీసి, ఆ ఫిల్మును ఒక డబ్బాలో పెట్టి కిందికి వదిలేవి. పారాచూట్‌తో దిగుతున్న డబ్బాను విమానం గాల్లోనే కొక్కెంతో పట్టుకునేది. ఆ ఫొటోలు 8 లక్షల 60 వేలకు పైగా 1995లో రహస్య ముద్ర తొలగి బయటికొచ్చాయి. ఇప్పుడు పురావస్తు శాస్త్రవేత్తలు వాటిని పదిలంగా చూసుకుంటున్నారు. డ్యాములు ముంచేయకముందు, ట్రాక్టర్లు చదును చేయకముందు నేల ఎలా ఉందో వాటిలో ఉంది.

లోయ కొండలా, కొండ లోయలా

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో మెడిసిన్ హ్యాట్ పట్టణం దగ్గర, తలమీద ఈకల కిరీటం పెట్టుకుని పడమటి వైపు చూస్తున్న మనిషి ముఖం ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్ వైరు కూడా ఉన్నట్టే ఉంటుంది. 2006లో గూగుల్ ఎర్త్‌లో ఇది బయటపడ్డాక దానికి ‘బ్యాడ్‌ల్యాండ్స్ గార్డియన్’ అని పేరు పెట్టారు. మెత్తటి బంకమట్టి నేలను వానలు కోసుకుంటూ పోయిన వాగుల గుర్తులవి. ఇయర్‌ఫోన్ వైరేమో ఒక చమురు బావికి వెళ్లే దారి. దీనిలో అసలైన విశేషం ఇంకొకటి ఉంది. ఉబ్బెత్తుగా కనిపించే ఆ ముఖం నిజానికి లోయ. ముందుకు పొడుచుకొచ్చినట్టున్న భాగమంతా లోపలికి గుంట.

ఎందుకలా? వెలుగు పైనుంచే పడుతుందని మన మెదడుకు గట్టి నమ్మకం. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం ఒక ప్రాంతం మీదికి ఉదయం పది, పదిన్నర మధ్య వచ్చేలా ఏర్పాటు చేసుకుంటాయి. ఉత్తరార్ధగోళంలో ఆ వేళ సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. మ్యాపులో ఉత్తరం పైన పెడతాం కదా, అంటే వెలుగు కింది నుంచి పడుతున్నట్టు. మెదడు దానికి ఒప్పుకోక గుంటను గుట్ట చేసేస్తుంది. మన దగ్గర డిసెంబరు, జనవరిల్లో తీసిన చిత్రాల్లో నల్లమల లోయలు చూడండి, ఇదే తమాషా. వాగు కొండశిఖరం మీద పారుతున్నట్టు అనిపిస్తే ఫోను తలకిందులు చేయండి. లోయ లోయగా, కొండ కొండగా సర్దుకుంటాయి. నీళ్లు పల్లానికే పారతాయన్న సంగతి ఒక్కటి గుర్తుంటే చాలు, ఏది గుంటో ఏది గుట్టో తేలిపోతుంది.

అంగారకుడి మీద ముఖం సంగతి చాలామందికి తెలుసు. 1976 జులై 25న వైకింగ్ 1 నౌక తీసిన ఫొటో అది. సూర్యుడు కిందికి వాలి ఉండటంతో గుట్ట మీది నీడలు కళ్లు, ముక్కు, నోరు అయ్యాయి. ముక్కుపుటం అనుకున్న నల్లచుక్క ఒకటి రేడియోలో సమాచారం వచ్చేటప్పుడు జారిపోయిన పిక్సెల్! 1998లో ఒకసారి, 2001లో ఇంకా దగ్గరగా మరోసారి మార్స్ గ్లోబల్ సర్వేయర్ అదే చోటును ఫొటో తీసింది. రాళ్లు తేలిన మామూలు మెట్ట. మొదటి ఫొటో విడుదల చేసిన రోజే నాసా ఇది నీడల మాయ అని రాసిపెట్టింది. ఆ వాక్యాన్ని ఎవరూ చదవలేదు, బొమ్మను మాత్రం ప్రపంచమంతా చూసింది.

పోడు చేను పట్టణమైన వేళ

2016 మే నెలలో కెనడాకు చెందిన 15 ఏళ్ల కుర్రవాడు మాయా నాగరికతకు చెందిన మరుగునపడిన నగరాన్ని కనిపెట్టాడని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. నక్షత్రాల అమరికను బట్టి మెక్సికో అడవిలో ఒక చోటు లెక్కగట్టాడు. కెనడా అంతరిక్ష సంస్థ ఉపగ్రహ చిత్రాలు ఇచ్చింది. ఆ చోట చెట్ల మధ్య చతురస్రం కనబడింది. ప్రకృతి చతురస్రాలు గీయదు కదా, కాబట్టి పిరమిడ్ అన్నారు.

మాయా లిపిని చదవడంలో పేరున్న టెక్సస్ యూనివర్సిటీ పండితుడు డేవిడ్ స్టూవర్ట్ ఆ చిత్రం చూసి, అది బీడు పెట్టిన మొక్కజొన్న చేను అని తేల్చి చెప్పాడు. ఆ అడవుల్లో రైతులు చెట్లు కొట్టి, తగలబెట్టి, రెండు మూడేళ్లు పండించి, నేల బలం తగ్గాక వదిలేసి పక్కకు జరుగుతారు. వదిలిన చోట అడవి మళ్లీ మొలుస్తుంది, కానీ చుట్టూ ఉన్న పెద్ద చెట్ల ఎత్తుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పైనుంచి చూస్తే లేత పచ్చ చతురస్రం. పాడేరు, సీలేరు వైపు పోడు తెలిసిన ఏ గిరిజన రైతుకు ఆ ఫొటో చూపించినా ఒక్క క్షణంలో అదే మాట చెప్పేవాడు. కుర్రవాడి ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. పదిహేనేళ్లకే నక్షత్రాల దగ్గర్నుంచి నేలదాకా ఆలోచించాడు. తప్పు పెద్దవాళ్లది. అచ్చు వేసేముందు ఆ ఊరి మనిషిని ఒక్కరినీ అడగలేదు.

నాలుగు ముక్కల్లో

చెరువు అడుగున మునిగిన విమానం, పక్కనే ఇంద్రధనుస్సు రంగుల నీడలు కనబడ్డాయా? ఆ విమానం మునగలేదు, ఎగురుతోంది. చాలా ఉపగ్రహాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒకే క్షణంలో కాకుండా కాస్త వెనకాముందుగా పట్టుకుంటాయి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఒక్క సెకనులో పావు కిలోమీటరు జరిగిపోతుంది. అందుకే ఒక్కో రంగు ఒక్కో చోట అచ్చు పడుతుంది. రాడార్‌కు చిక్కని అమెరికా బీ-2 బాంబర్ కూడా మిస్సోరీ పొలాల మీద ఎగురుతూ ఇలాగే రంగులు చిమ్ముకుంటూ గూగుల్ మ్యాప్‌కు దొరికిపోయింది. 2021 డిసెంబరులో జనం దాన్ని పట్టుకున్నారు.

2009 ఫిబ్రవరిలో ఆఫ్రికాకు పడమట, కెనరీ దీవులకు అవతల సముద్రం అడుగున వీధుల్లాంటి గీతలు కనబడి, అట్లాంటిస్ దొరికిందన్నారు. అవి ఓడలు శబ్దతరంగాలతో లోతు కొలుస్తూ తిరిగిన దారులని గూగుల్ చెప్పింది. ఓడ వెళ్లినచోట లోతు కచ్చితంగా తెలుసు, వెళ్లనిచోట అంచనా. ఆ రెండూ కలిసిన అంచే వీధిలా కనబడింది.

ఆస్ట్రేలియాకు, న్యూ కాలెడోనియాకు నడుమ శాండీ ఐలాండ్ అనే దీవి దశాబ్దాల పాటు మ్యాపుల్లో ఉండేది, గూగుల్‌లో నల్లటి మచ్చగా కూడా ఉండేది. 2012 నవంబరులో సిడ్నీ యూనివర్సిటీకి చెందిన మరియా సీటన్ బృందం ‘సదరన్ సర్వేయర్’ ఓడలో అక్కడికే వెళ్లింది. దీవి లేదు. 1,300 మీటర్లకు తక్కువ లోతు ఎక్కడా లేదు. 1876లో ఒక తిమింగలాల వేట ఓడ చెప్పిన మాట ఒక మ్యాపు నుంచి ఇంకో మ్యాపుకు ఎక్కుతూ వచ్చింది.

కజకిస్తాన్‌లో ఒక రిజర్వాయరు ఒడ్డున వలయంలో అయిదు కొనల నక్షత్రం, 366 మీటర్ల వెడల్పు. సైతాను గుర్తు అని గోల. సోవియట్ కాలంలో నక్షత్రం ఆకారంలో వేసిన పార్కు దారులవి. పక్కన నాటిన చెట్లు పెరిగి గీతలు బాగా కనబడుతున్నాయి. అదే దేశపు ఉత్తరాన 2007లో దిమిత్రి దెయ్ అనే ఔత్సాహికుడు గూగుల్ ఎర్త్‌లో చూసినది మాత్రం నిజంగానే పాతది. 101 మట్టిదిబ్బలు చతురస్రంగా పేర్చి, మూల నుంచి మూలకు కలిపిన ఆకారం. ఒకే తెర మీద రెండూ ఒకేలా కవ్విస్తాయి. తేడా తెలిసేది పలుగూ పారా పట్టుకుని వెళ్లినప్పుడే.

ఎడారి నడుమ కచ్చితమైన ఆకుపచ్చ వృత్తాలంటారా, మధ్యన బోరు, దాని చుట్టూ చక్రాల మీద తిరిగే పొడవాటి నీటి గొట్టం. లిబియాలోని కుఫ్రాలో ఒక్కో వృత్తం కిలోమీటరు దాకా ఉంటుంది.

అడవి ఎర్రగా ఎందుకుంటుంది?

ఉపగ్రహ చిత్రాల పుస్తకం తెరిచిన విద్యార్థి మొదట అడిగే ప్రశ్న ఇదే. మన కంటికి అందని పరారుణ కాంతిని పచ్చటి ఆకు చాలా బలంగా వెనక్కి కొడుతుంది. కంటికి కనబడే ఆకుపచ్చ దాని ముందు ఏ మూలకూ చాలదు. ఆ కనబడని వెలుగుకు తెర మీద ఎరుపు రంగు వేస్తారు. కాబట్టి ఎంత ఎర్రగా ఉంటే చెట్టు అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆకుకు జబ్బు చేస్తే లోపలి కణాల అమరిక మారి ఈ ఎరుపు మందగిస్తుంది. కొన్నిసార్లు ఆకు పసుపు తిరగకముందే.

1970లో భౌతిక శాస్త్రవేత్త పిషారత్ రామ పిషారటి కేరళలో కొబ్బరికి పట్టిన వేరు తెగులును హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ము మీద ఫొటోలు తీసి గుర్తించాడు. సి.వి.రామన్ దగ్గర పనిచేసిన మనిషి. భారతీయ దూర సంవేదన అనే శాస్త్రం మొదలైంది ఆ కొబ్బరి తోటల మీదే. 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం ఎగిరింది. ఇప్పుడు ఆ చిత్రాలను అందుకునే యాంటెన్నాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి, వాటిని చదివే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. ఆ సంస్థల ద్వారాల ముందునుంచి రోజూ వేలమంది బస్సుల్లో వెళ్తుంటారు. లోపల జరిగే పని ఎంత పెద్దదో మన పిల్లలకు చెప్పుకోవాల్సినంత చెప్పుకోవడం లేదని నాకు బాధ.

మన చెరువును పైనుంచి చదవడం

తెలంగాణ ఊరు ఏదైనా తీసుకుని గూగుల్ ఎర్త్‌లో పైనుంచి చూడండి. కార్తీకంలో తీసిన చిత్రమైతే విల్లులా వంగిన ఒక గీత, దానికి ఒక పక్క నల్లటి నీరు. ఆ గీతే కట్ట. నీటి అంచు కట్ట పక్కన గీసినట్టు నున్నగా ఉంటుంది, అవతలి పక్క వేళ్లు చాపినట్టు వాగుల్లోకి చీలిపోతుంది. నున్నటి అంచు మనిషి కట్టింది, చీలిన అంచు నేల వాలు. కట్ట దిగువన పచ్చటి విసనకర్రలా పరుచుకున్నది ఆయకట్టు. ఆ పచ్చదనం ఎక్కడ మొదలైందో అక్కడ కట్టలో తూము ఉంటుంది. కట్ట చివర్లో నీరు పొర్లిపోయే సన్నటి తెల్లటి చోటు అలుగు. దానిలోంచి బయల్దేరిన వాగు వెంటే వేలు జరుపుకుంటూ పోతే కింద ఇంకో కట్ట, ఇంకో చెరువు. ఇలా గొలుసుకట్టు చెరువులు ఎక్కడ తెగిపోయాయో వేలితో చూపించవచ్చు. మధ్యలో ఒక కట్ట ఉండి నీళ్లుండాల్సిన చోట ఇళ్ల కప్పులు కనబడితే, ఆ కాలనీ వానాకాలంలో ఎందుకు మునుగుతోందో ఎవరినీ అడగక్కర్లేదు.

అదే చెరువు మే నెల చిత్రంలో చెరువులా ఉండదు. చెరువు గర్భమైన శిఖం భూమిలో దోసో పుచ్చో వేస్తారు, పచ్చటి గళ్లు కనబడతాయి. ఊరు తెలియనివాడు ఇది పొలమే అని రాసేసుకుంటాడు. ఒక్క రోజు చిత్రం పట్టుకుని నేల గురించి మాట్లాడకూడదు. వానాకాలంది, ఎండాకాలంది పక్కపక్కన పెట్టుకోవాలి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే గడియారం గుర్తు ఉంది, వాడుకోండి.

గోదావరి డెల్టాలో ఇంకో విశేషం. కోనసీమ తీరం వైపు చూస్తే సముద్రానికి సమాంతరంగా, వరసగా వంపు తిరిగిన చారలు లోపలిదాకా కనబడతాయి. ముదురాకుపచ్చ చార, పక్కన లేతాకుపచ్చ చార, మళ్లీ ముదురు. ముదురు చారలు ఇసుక మెరకలు, వాటి మీద ఊళ్లు, కొబ్బరి తోటలు. లేత చారలు పల్లాలు, వాటిలో వరి. ఒక్కో మెరక ఒకనాటి సముద్రతీరం. నది ఒండ్రు తెచ్చి పోస్తున్నకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది, జరిగిన ప్రతిసారీ ఒక గీత మిగిల్చింది. మెరక మీద ఇల్లు, పల్లంలో మడి అని పెద్దలు ఎంచుకున్న పద్ధతే ఆ గీతలను ఇంత స్పష్టంగా చూపిస్తోంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. అక్కడ సన్నటి గట్లతో నీలం గళ్లు కనిపిస్తే అవి చేపల చెరువులు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు తెగ్గొట్టారు. ముందూ వెనకా తీసిన చిత్రాలు పక్కన పెట్టుకుంటే ఎక్కడ తెగ్గొట్టారో, ఎక్కడ మళ్లీ లేచాయో దాచడం ఎవరివల్లా కాదు.

నల్లమలలో ఈశ్వరకుప్పం డోమ్ అని ఒకటుంది. రాతి పొరలు గుమ్మటంలా పైకి ఉబ్బి, పైభాగం అరిగిపోయి, పొరల అంచులు వలయాలుగా తేలాయి. ఆఫ్రికాలోని మారిటేనియా ఎడారిలో ఉన్న రిషాత్ వలయాల కథా ఇదే, కాకపోతే అది 40 కిలోమీటర్ల వెడల్పు. 1965లో జెమినీ 4 వ్యోమగాములు దాన్ని ఫొటో తీశాక ఉల్క పడిన గొయ్యి అనుకున్నారు. ఉల్క గుద్దితే రాతిలో మిగలాల్సిన దెబ్బ గుర్తులు ఎంత వెతికినా దొరకలేదు. దాన్ని ఇప్పటికీ అట్లాంటిస్ అనేవాళ్లున్నారు. మన ఈశ్వరకుప్పానికి ఆ బెడద రాలేదు. ఉల్క గుద్దిన గొయ్యి నిజంగా చూడాలంటే మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఉంది. 2020 జూన్‌లో అది గులాబీ రంగుకు మారడాన్ని ఉపగ్రహాలు కూడా పట్టుకున్నాయి. నీరు తగ్గి ఉప్పు పెరిగినప్పుడు విజృంభించే సూక్ష్మజీవులే కారణమని పుణెలోని ఆఘర్కర్ సంస్థ పరీక్షల్లో తేలింది.

ఫుట్‌బాల్ మైదానం, ఇసుక దిబ్బ

పైనుంచి తీసిన ఫొటోలను చదివే ఈ విద్య యుద్ధాల్లో ముదిరింది. 1943 చివర్లో బ్రిటన్‌లోని మెడ్మెన్‌హామ్ కేంద్రంలో కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ భూతద్దం కింద పెట్టి చూసిన జర్మన్ తీరం ఫొటోలో, మిల్లీమీటరు కూడా లేని చిన్న సిలువ గుర్తు ఒకటి వాలు పట్టాల మీద ఉంది. పైలట్ లేని వీ-1 ఎగిరే బాంబు అదే. ఆవిడ అంతకుముందు విమానాల మీద పత్రికలకు రాసేది.

1970లో క్యూబాలోని సియెన్‌ఫ్యూగోస్ రేవులో యూ-2 విమానం తీసిన ఫొటోల్లో కొత్తగా ఫుట్‌బాల్ మైదానాలు కనబడ్డాయి. హెన్రీ కిసింజర్ దాన్ని పట్టుకున్నాడు. క్యూబా వాళ్లు ఆడేది బేస్‌బాల్, ఫుట్‌బాల్ రష్యన్లు ఆడతారు, కాబట్టి అక్కడ సోవియట్ నావికులు మకాం పెడుతున్నారు అన్నది ఆయన వాదన. క్యూబాలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు లేకపోలేదు. అయినా జలాంతర్గాముల స్థావరం కడుతున్నారన్న అనుమానం మాత్రం గట్టిదే.

మన దేశం ఈ ఆటను అవతలి వైపు నుంచి ఆడింది. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో అణు పరీక్షకు ఏర్పాట్లు అమెరికా ఉపగ్రహాలకు దొరికిపోయాయి. రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఢిల్లీలో ఫొటో చూపించి మరీ ఒత్తిడి పెట్టాడు, పరీక్ష ఆగింది. 1998లో మనవాళ్లు ఆ ఫొటో నేర్పిన పాఠాన్ని వదల్లేదు. ఉపగ్రహం ఎప్పుడు మీదికొస్తుందో లెక్కవేసి పని రాత్రిళ్లు చేశారు. తెల్లవారేసరికి యంత్రాలను ముందురోజు ఉన్న చోటికే తెచ్చి నిలబెట్టారు, అవి కదిలినట్టు ఫొటోలో తెలియకూడదని. తవ్విన ఇసుకను కుప్పలుగా వదిలేయకుండా గాలి ఎటు వీస్తే అటు ఒరిగే దిబ్బల రూపంలో పోశారు. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో తిరిగారు. మే 11న భూమి కంపించేదాకా అమెరికా గూఢచారి సంస్థకు కబురు లేదు. ఫొటోను చదివే మనిషి దేనికోసం వెతుకుతాడో తెలిసినవాడే దాన్ని దాచగలడు.

2021లో చైనా దాచాలనుకున్నది మాత్రం దాగలేదు. యూమెన్ పట్టణం దగ్గర ఎడారిలో సుమారు 120 చోట్ల తవ్వకాలు, ఒక్కోటీ కొన్ని కిలోమీటర్ల ఎడంలో గళ్లుగా. గాలిమరలు పెడుతున్నారని చైనాలో కొందరు కొట్టిపారేశారు. అమెరికా పరిశోధకుడు డెకర్ ఎవెలెత్ వెతికింది గాలిమరల కోసం కాదు. అంతకుముందు ఇన్నర్ మంగోలియాలో క్షిపణి బావులు తవ్వినప్పుడు వాటిమీద కప్పిన గాలి గుడారాల ఆకారం తెలుసు కాబట్టి, ఎడారి అంతా ఆ గుడారాల కోసం గాలించాడు. ప్లానెట్ అనే ప్రైవేటు కంపెనీ చిత్రాల్లో అవి వరసగా దొరికాయి. కొన్ని వారాలకే మరో పరిశోధకుడు హామీ దగ్గర ఇంకో క్షేత్రం పట్టుకున్నాడు. 2023 నాటికి ఇలాంటి బావులు 300కు పైగా పూర్తయ్యాయని అమెరికా రక్షణ శాఖే రాసింది. ఒకప్పుడు రెండు ప్రభుత్వాలకు మాత్రమే అందే సంగతి ఇది, ఇప్పుడు ఒక కుర్ర పరిశోధకుడి లాప్‌టాప్‌లో తేలింది.

తవ్వితే లేదని తేలడం కూడా తేలడమే

కెనడా న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని పాయింట్ రోజీ దగ్గర ఉపగ్రహ చిత్రాల్లో గోడల్లాంటి గీతలు చూసి, అవి వెయ్యేళ్ల కిందటి వైకింగుల స్థావరం కావచ్చని సారా పార్కాక్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆశపడింది. ఈజిప్టు నేలను ఉపగ్రహాలతో చదివి పేరు తెచ్చుకున్న మనిషి. టీవీల్లో పెద్ద వార్త అయింది. 2015, 2016లో తవ్వారు. గోడలు కావు, ప్రకృతి పని. వైకింగుల ఆనవాలు ఏదీ లేదని 2017లో వాళ్ల బృందమే నివేదికలో రాసింది. మొదటి వార్తకు దక్కినంత చోటు రెండో వార్తకు దక్కలేదు. నాకైతే రెండోదే గొప్ప వార్త. ఈ పని ఎలా చేయాలో అది చూపించింది.

గాలిపటాల ఎడారి

1920ల్లో కైరో నుంచి బాగ్దాద్‌కు టపా మోసే బ్రిటిష్ విమానాల పైలట్లు జోర్డాన్ నల్లరాతి ఎడారిలో వింత గీతలు చూశారు. రెండు పొడవాటి గోడలు దూరం నుంచి దగ్గరకొచ్చి ఒక గుండ్రటి ఆవరణలో కలుస్తాయి. తోక ఉన్న గాలిపటంలా ఉన్నాయని ఆ పేరే పెట్టారు. పెర్సీ మెయిట్‌లాండ్ అనే అధికారి 1927లో వీటి గురించి రాశాడు. అక్కడి బెదూయిన్లకు ఆ గోడలు ఎప్పటినుంచో తెలుసు, పూర్వీకుల పని అనేవాళ్లు. ఉపగ్రహాలు వచ్చాక అరేబియా నుంచి మధ్య ఆసియా దాకా ఇలాంటివి 6,000కు పైగా లెక్కతేలాయి.

దేనికోసం? కోట అన్నారు, పశువుల దొడ్డి అన్నారు. జవాబు ఆవరణ అంచుల్లో దొరికింది. అక్కడ చిన్న చిన్న గుండ్రటి గూళ్లు ఉంటాయి, పైనుంచి చూస్తే రాళ్ల కుప్పల్లా కనబడతాయి. తవ్వితే ఒక్కోటీ మనిషి ఎత్తుకు మించిన గొయ్యి. గోడలు మాత్రం మోకాలి ఎత్తు కూడా లేనిచోట్లు ఎక్కువ. జింక దాన్ని దూకి పోగలదు, కానీ మంద బెదిరి పరుగెడుతున్నప్పుడు గోడ వెంటే పోతుంది, దూకదు. కిలోమీటర్ల పొడవున అలా నడిపించుకుంటూ వచ్చి, చివర్లో గోడ తగ్గినట్టు కనబడిన చోట దూకితే నేరుగా గోతిలో పడుతుంది. అడవి జంతువు మనసు ఎంత బాగా తెలిస్తే ఇది కట్టగలరు!

నేల మీద నిలబడితే ఈ గాలిపటం ఆకారం మొత్తంగా కంటికి ఆనదు. అంత పెద్దది. మరి కట్టినవాళ్లు ఎలా ఊహించుకున్నారు? జోర్డాన్‌లో ఒక వేటగాళ్ల మజిలీని తవ్వుతుంటే 80 సెంటీమీటర్ల ఎత్తున్న రాయి బయటపడింది. దాని మీద గోడలు, ఆవరణ, చుట్టూ గోతులు, అన్నీ చెక్కి ఉన్నాయి. ఆ బొమ్మను దగ్గర్లోని నిజమైన కట్టడాల ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే ఇంచుమించు 1:425 కొలతకు సరిపోయింది. రాయి వయసు 7,000 ఏళ్లు. సౌదీ అరేబియాలో దొరికిన ఇంకో బండ 8,000 ఏళ్ల నాటిది, దాని మీద కూడా కొలతకు తగ్గ పటమే. 2023 మేలో ఈ రెండింటి వివరాలు ప్రచురించారు. కొలతకు తగ్గట్టు గీసిన కట్టడాల పటాల్లో ఇప్పటిదాకా తెలిసినంతలో ఇవే అతి పురాతనమైనవని ఆ పరిశోధకులు చెబుతున్నారు.